ఇంటికొచ్చే మలం టెస్టు కిట్టు, మొలలు, పెద్దపేగు క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో కడుపు, పేగుల డాక్టరుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. పిల్లల దగ్గర ఇంగ్లండ్‌లో సెటిలైన అమ్మానాన్నలు ఇక్కడికొచ్చినప్పుడు అడిగేవీ, ఇక్కడే ఉండే పెద్దవాళ్ళు అడిగేవీ కలిపి రాస్తున్నా.

అపోహ: నాకే బాధా లేదు, నాకెందుకు కిట్టు పంపారు?

బాధ లేదు కాబట్టే పంపారండి. ఇంగ్లండ్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గర రిజిస్టర్ అయి, 50 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళకి రెండేళ్ళకోసారి పోస్టులో ఉచితంగా వస్తుంది, 75 దాటితే దానంతటది రాదు, కావాలంటే ఫోన్ చేసి అడిగి తెప్పించుకోవాలి. పేగు లోపల పాలిప్ అనే చిన్న బుడిపె లేచి అది క్యాన్సర్‌గా మారడానికి చాలామందిలో పదేళ్ళ దాకా పడుతుంది, అప్పుడప్పుడూ కంటికి కనపడనంత రక్తం కారుతుంది, కిట్టు మలంలో వెతికేది ఆ రక్తాన్నే, ఆ టైములో పట్టుకుంటే కొలనోస్కోపీలోనే (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్ష) కత్తిరించి తీసేస్తాం, క్యాన్సర్ దాకా పోదు.

అపోహ: ముందు మూడు రోజులు మాంసం మానెయ్యాలి.

అది పాత టెస్టుకి. ఇంగ్లండ్‌లో 2019లో ఫిట్ అనే టెస్టుకి మారారు, ఇది మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్‌నే పట్టుకుంటుంది, మీరు తిన్న మటన్‌తో దానికి పనిలేదు. ఒక్క శాంపిల్ చాలు, టాయిలెట్ నీళ్ళు తగలకుండా ఏదైనా శుభ్రమైన డబ్బాలో పట్టి పుల్లతో గీకి సీసాలో పెట్టడం, తేదీ రాయడం, అంతే. అసహ్యం అనిపిస్తుంది, అర్థం చేసుకోగలను, కానీ రెండు నిమిషాల పని.

అపోహ: పాజిటివ్ అంటే క్యాన్సరే.

కాదండి. పాజిటివ్ అంటే మలంలో రక్తం కనపడిందని మాత్రమే. అక్కడ కిట్టు నింపి తిరిగి పంపినవాళ్ళలో నూటికి సుమారు 98 మందికి ఇంకే టెస్టూ అక్కర్లేదు, మిగతా ఇద్దరిని నర్సు పిలిచి మాట్లాడి కొలనోస్కోపీ చేస్తారు, అందులో కూడా ఎక్కువమందికి పాలిప్పో, మొలలో, వాపో ఉంటుంది. నాకు భయం వేసేది ఇంకొకటి: పాజిటివ్ వచ్చాక ఎవరో చెప్పారని మళ్ళీ అదే టెస్టు చేయించి, ఈసారి నెగటివ్ రాగానే హమ్మయ్య అని వదిలేయడం. పాలిప్ రోజూ రక్తం కార్చదు, రెండోసారి నెగటివ్ వస్తే మొదటిది కొట్టేసినట్టు కాదు, ఒక్కసారి పాజిటివ్ వచ్చిందంటే కొలనోస్కోపీ చేయించుకోవాల్సిందే.

అపోహ: రక్తం పడితే మొలలే, మన గుంటూరు కారం వల్లే.

దీని గురించి చెప్పాలనే ఈ పోస్టు మొదలుపెట్టాను. మొలల వల్ల రక్తం పడటం చాలా మామూలే, కానీ మొలలున్న మనిషికి పైన పేగులో గడ్డ ఉండకూడదని రూలేం లేదు కదా. ఏళ్ళ తరబడి మొలల మందు వాడుతూ, రోడ్డు పక్క బోర్డు చూసి ఇంజెక్షన్లు చేయించుకుంటూ, చివరికి పేగు మూసుకుపోయి కడుపుబ్బి వస్తారు, అప్పుడు చేతిలో పెద్దగా ఏం మిగలదు. పెద్ద వయసులో రక్తం పడ్డా, విరేచనం తీరు కొన్ని వారాలుగా మారినా, బరువు తగ్గినా, ముఖ్యంగా రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాయించుకుంటున్నా, ఆ రక్తం ఎటు పోతుందో వెతికించండి. ఇలాంటి లక్షణాలున్నప్పుడు పోస్టులో కిట్టు వచ్చేదాకా ఆగకూడదు, ఇంతకుముందు నెగటివ్ వచ్చిందని ఊరుకోకూడదు. స్క్రీనింగ్, అంటే ఈ కిట్టు లాంటి ముందస్తు పరీక్ష, ఏ లక్షణమూ లేనివాళ్ళ కోసం.

అపోహ: మన దగ్గర కూడా ఆశా కార్యకర్త వచ్చి చూస్తుంది కదా.

మన జాతీయ కార్యక్రమంలో 30 దాటినవాళ్ళకి చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకి. పెద్దపేగుది అందులో లేదు, ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే మన దగ్గర తక్కువ కూడా. అందుకే ఇక్కడ మీకు ఎవరూ లెటర్ పంపరు. అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్ళకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చుంటే మాత్రం మీరే వెళ్ళి డాక్టర్ని అడగాలి, సాధారణంగా 40 ఏళ్ళకో, వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెడతాం.

కొలనోస్కోపీకి వచ్చేముందు రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మందులు వాడుతుంటే ఆ చీటీ తెచ్చి చూపించండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.