రాజీనామా చేసిన పోపు: అపోహలు - వాస్తవాలు

కానన్ లా, అంటే కతోలిక శ్రీసభ (చర్చి) చట్టం, బోధించే గురువుని (ఫాదర్ని) కాబట్టి "అసలు పోపు ఎవరు ఫాదర్?" అన్న ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. 2013లో పోపు 16వ బెనెడిక్ట్ రాజీనామా చేసి, ఫ్రాన్సిస్ పోపు అయ్యాక మొదలైంది ఇది. బెనెడిక్ట్ 2022 డిసెంబర్ 31న మరణించాక ఆగుతుందనుకున్నాను. లియో పోపు ఎన్నిక తర్వాత కొత్త వీడియోలతో మళ్లీ మొదలైంది.

అపోహ: బెనెడిక్ట్ తెల్ల అంగీ తీయలేదు, పోపు పేరు వదల్లేదు. అంటే పదవీ వదల్లేదు. కాబట్టి ఫ్రాన్సిస్ ఎన్నిక చెల్లదు, ఆయన చేసిన కార్డినల్స్ (పోపుని ఎన్నుకునే పెద్దలు) చెల్లరు, లియో ఎన్నికా చెల్లదు.

వాస్తవం: అన్నీ చెల్లుతాయి. పోపు రాజీనామాకు 332వ కానన్ (నియమం) అడిగేవి రెండే: స్వేచ్ఛగా చేయాలి, తగిన రీతిలో తెలియజేయాలి. ఎవరూ ఆమోదించనక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 11న కార్డినల్స్ ముందు లాటిన్‌లో చదివిన ప్రకటనలో, పూర్తి స్వేచ్ఛతో చేస్తున్నానని బెనెడిక్టే అన్నారు. ఫిబ్రవరి 28 రాత్రి 8 గంటల నుంచి పేతురు పీఠం (పోపు పదవి) ఖాళీ అవుతుందని, కొత్త పోపు కోసం కాన్‌క్లేవ్ (కార్డినల్స్ ఎన్నిక సభ) పిలవాలని కూడా అందులోనే ఉంది. ఇంతకంటే సూటిగా ఎలా చెబుతారు? ఆ రాత్రి సరిగ్గా 8కి, పోపుల వేసవి విడిది కాస్టెల్ గాండోల్ఫోలో తలుపులు మూసి స్విస్ గార్డులు వెళ్లిపోయారు. లోపల బెనెడిక్ట్ ఉన్నారు, కానీ వాళ్లు కాపలా కాయాల్సిన పోపు లేరు.

మరి తెల్ల అంగీ? అది గౌరవం. రిటైరైన హెడ్‌మాస్టర్ని ఊరంతా మాస్టారు గారూ అనే పిలుస్తుంది, బడి రిజిస్టర్‌లో సంతకం మాత్రం కొత్తాయనది. "విశ్రాంత పోపు" అనే బిరుదు, "పరిశుద్ధ" అనే సంబోధన, తెల్ల అంగీ ఆయనకు ఉంటాయని వాటికన్ ఫిబ్రవరి 26నే ప్రకటించింది. ఏం పోయాయో కూడా చూడండి. భుజాల మీది పొట్టి కేప్ పోయింది. ఎర్ర బూట్లు పోయి, మెక్సికోలో కానుకగా వచ్చిన గోధుమరంగు బూట్లు వచ్చాయి. ముద్ర వేయడానికి పనికిరాకుండా ఉంగరం మీద అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టారు.

ఈ పుకారు మీద నాకెందుకింత కోపమో చెబుతాను. ఒక విచారణలో (పారిష్‌లో) రిట్రీట్‌కి వెళ్లినప్పుడు, పూజలో అందరూ సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పానికి) లేస్తే ఒక పెద్దావిడ కూర్చునే ఉంది. తర్వాత అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "పూజలో దొంగ పోపు పేరు చదివితే ఆ సత్ప్రసాదం తీసుకోవడం పాపమంట కదా ఫాదర్ గారూ? వీడియోలో చెప్పారు." నెలల తరబడి మానేసిందట. ఆ భయం ఆవిడ తప్పు కాదు. వీడియో చేసినవాళ్లకు మాత్రం ఆవిడ పోగొట్టుకున్నదేమిటో తెలియదు.

అమ్మా, పూజ చెల్లడానికి కావలసింది సరైన అభిషేకం పొందిన గురువు, రొట్టె, ద్రాక్షారసం, క్రీస్తు మాటలు, శ్రీసభ ఉద్దేశం. పోపు పేరు చదవడం శ్రీసభతో ఐక్యతకు గుర్తు. 2025 ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ చనిపోయి మే 8న లియో ఎన్నికయ్యేదాకా ఏ పోపు పేరూ లేకుండానే పూజలు చేశాం, అవన్నీ చెల్లాయి. 14వ శతాబ్దంలో నిజంగానే ఒకేసారి ఇద్దరు తామే పోపులమన్నారు. సియెన్నా కేథరిన్ రోమ్‌లోని పోపు వైపు, విన్సెంట్ ఫెర్రర్ అవిన్యోన్‌లోని పోపు వైపు నిలబడ్డారు. ఇద్దరినీ పునీతులుగానే కొలుస్తున్నాం.

మిగతావి గబగబా. రాజీనామా చేసిన పోపు మళ్లీ కార్డినల్ అవుతారా? దానంతటదే కారు. 1415లో 12వ గ్రెగరీని చేశారు, బెనెడిక్ట్‌ని చేయలేదు. 1294లో దిగిపోయిన 5వ సెలెస్టీన్ బిరుదులన్నీ వదిలి మళ్లీ సన్యాసి పియెట్రో అయ్యారు, అయినా తర్వాతి పోపు ఆయన్ని ఫుమోనే కోటలో నిర్బంధించారు. విశ్రాంత పోపుకి తప్పిదరహిత బోధనాధికారం ఉంటుందా? ఉండదు. ఆయన చనిపోతే కాన్‌క్లేవ్ పెడతారా? పెట్టరు. బెనెడిక్ట్ అంత్యక్రియలు పదవిలో ఉన్న ఫ్రాన్సిస్సే జరిపించారు.

రాజీనామా తర్వాత ఏ బిరుదు ఉండాలి, ఏ రంగు అంగీ వేసుకోవాలి అన్నది 332వ కానన్ చెప్పదు. బెనెడిక్ట్‌కి చేసిన ఏర్పాటు తర్వాతివారిని కట్టిపడేయదు. తాను దిగిపోతే రోమ్ విశ్రాంత మేత్రాణిగా (బిషప్‌గా) ఉంటానని ఫ్రాన్సిస్ 2022లో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. నాకు అదే మేలనిపిస్తుంది, అంగీ కూడా నల్లదే ఉంటే ఇంకా మంచిది. ఇదంతా చట్టంలో రాసిపెట్టడానికి ఇంకో రాజీనామా దాకా ఆగకూడదు.