అమెరికా ప్రెసిడెంటు సంతకం ఎంతవరకు చెల్లుతుంది?

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవులు చిన్నూకి, పండుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో డాలస్ నుంచి మీ మావయ్య "ఈసారి ప్రెసిడెంటు ఏం సంతకం పెడతాడో ఏమో" అని టెన్షన్ పడుతుంటే, మధ్యలో పండు "తాతయ్యా, అమెరికా ప్రెసిడెంట్ అంటే రాజా?" అని అడిగాడు. ఇంతలో సిగ్నల్ పోయింది. అయినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదులే అని ఉత్తరం రాస్తున్నాను. నా గొలుసుకట్టు రాత అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకోండి.

మన దగ్గర రాష్ట్రపతి గారు మంత్రివర్గం సలహా మీద సంతకం పెడతారు. పెత్తనం ప్రధానిది. లోక్‌సభలో మెజారిటీ పోయిందా, ఆయన దిగిపోవాల్సిందే. అమెరికాలో ప్రధాని అంటూ ఎవరూ లేరు. ప్రభుత్వం నడిపేదీ, సైన్యానికి అధిపతీ ప్రెసిడెంటే. కానీ కాంగ్రెస్‌లో (అది వాళ్ల పార్లమెంటు పేరు, పార్టీ కాదు) ఆయనకి కుర్చీ లేదు. రెండు సభలూ ఆయన మీద కత్తులు నూరుతున్నా నాలుగేళ్లూ కూర్చోవచ్చు. ముగ్గురు ప్రెసిడెంట్ల మీద నాలుగుసార్లు అభిశంసన (పదవిలోంచి దింపాలన్న అభియోగం) పెట్టారు గానీ సెనేట్ (వాళ్ల పై సభ) ఒక్కరినీ దింపలేదు. అలాగే ఆ సభలు ఎంత మొండికేసినా ఆయన వాటిని రద్దు చెయ్యలేడు. ఇష్టం లేని కాపురం, విడాకులు లేవు. అంతే.

ఇంతకీ రాజా, కాదా? దీనికి నేను అప్పట్లో ప్రెసిడెంటుగా ఉన్న ట్రూమన్ కథ చెబుతాను.

1950 జూన్‌లో కొరియాలో యుద్ధం మొదలైంది. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్‌ది. ట్రూమన్ వాళ్లని అడగనే లేదు, సైన్యాన్ని పంపేశాడు. ఎవరూ ఆపలేదు. రెండేళ్లకి ఉక్కు కార్మికులు జీతాలు పెంచమని సమ్మె నోటీసు ఇచ్చారు. కంపెనీలేమో ఉక్కు ధర పెంచనిస్తేనే జీతాలన్నాయి. ఉక్కు ఆగితే ఫిరంగి గుళ్లు ఆగిపోతాయని ట్రూమన్ భయం. 1952 ఏప్రిల్ 8 రాత్రి, సమ్మె ఇంకాసేపట్లో మొదలవుతుందనగా, రేడియోలో, టీవీలో మాట్లాడి ఉక్కు మిల్లుల్ని ప్రభుత్వం తీసుకుంటోందని చెప్పేశాడు.

కంపెనీలు కోర్టుకెక్కాయి. అప్పటి సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల్నీ నియమించింది ట్రూమన్ పార్టీ ప్రెసిడెంట్లే. నలుగురిని స్వయంగా ఆయనే వేశాడు. ఇంక ఢోకా ఏముందనిపిస్తుంది కదా? జూన్ 2న 6-3తో తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. ఆయన వేసిన నలుగురిలో ఇద్దరు అటే మొగ్గారు. మిల్లులు తీసుకొమ్మని ఏ చట్టం చెప్పింది, రాజ్యాంగంలో ఎక్కడుంది అన్నది కోర్టు ప్రశ్న. పైగా సమ్మెని 80 రోజులు ఆపించే దారి ఒకటి 1947 చట్టంలో ఉంది. ట్రూమన్‌కి అది గిట్టదు, వాడలేదు. తీర్పు వచ్చిన రోజే మిల్లులు తిరిగి ఇచ్చేశాడు. సమ్మె 53 రోజులు సాగింది.

సముద్రాల అవతల యుద్ధానికి సైన్యాన్ని పంపగలిగినవాడు సొంత దేశంలో, ఒహాయో రాష్ట్రంలో ఒక మిల్లుని తన చేతిలో ఉంచుకోలేకపోయాడు. నాకు ఎన్నిసార్లు చదివినా వింతే.

ఆ తీర్పు రాసిన హ్యూగో బ్లాక్ అనే న్యాయమూర్తి తర్వాత ట్రూమన్‌ని ఇంటికి విందుకి పిలిచాడు. నీ చట్టం నాకు నచ్చలేదు గానీ నీ విస్కీ బాగుంది అన్నాడట ట్రూమన్. అమ్మమ్మ చూస్తే ఈ వాక్యం కొట్టేయమంటుంది, త్వరగా చదివెయ్యండి.

అదే కేసులో జాక్సన్ అనే ఇంకో న్యాయమూర్తి రాసిన లెక్క ఇప్పటికీ కోర్టులు వాడతాయి. కాంగ్రెస్ ఒప్పుకున్న పని చేస్తుంటే ప్రెసిడెంటు బలం నిండుగా ఉంటుంది. కాంగ్రెస్ ఏమీ చెప్పని చోట వెలుగూ చీకటీ కాని స్థితి. కాంగ్రెస్ వద్దన్నది చేస్తే ఆయన బలం అడుగంటినట్టే.

ఇప్పుడు మీ మావయ్య సంగతికొస్తాను. అదే జూన్‌లో కాంగ్రెస్ ఒక వలస చట్టం పంపింది. దేశాలవారీ కోటాలు అన్యాయమని ట్రూమన్ వీటో చేశాడు, అంటే సంతకం పెట్టనని తిప్పి పంపాడు. అందులో మన ఇండియాకి ఏడాదికి 100 మందే! రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడితే వీటో కొట్టుకుపోతుంది. దిగువ సభలో 278-113, సెనేట్‌లో 57-26 ఓట్లు పడ్డాయి. జూన్ 27కల్లా ఆయన వద్దన్న చట్టమే చట్టమైంది. కోటాలు 1965లో పోయాయి గానీ, విదేశీయుల రాకని ప్రెసిడెంటు ఆపవచ్చన్న సెక్షన్ అందులో మిగిలింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ సంతకం పెట్టింది ఆ చట్టాన్ని చూపించే. ఆ సెక్షన్ అంతదూరం లాగవచ్చా అని మళ్లీ కోర్టుల్లో కేసులు.

నేను సబ్ ట్రెజరీలో ముప్ఫై ఏళ్లు చేశాను కదా. ఎంత పెద్దాఫీసరు సంతకం ఉన్నా, పద్దులో డబ్బు లేకపోతే అభ్యంతరం రాసి బిల్లు వెనక్కి పంపేవాళ్లం. వాళ్లకీ అదే రూలు. కాంగ్రెస్ కేటాయించనిదే ఖజానాలోంచి డాలరు కదలదు. 2018 డిసెంబరులో సరిహద్దు గోడకి ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగితే కాంగ్రెస్ ఇవ్వలేదు. ఆ పేచీలో ఖర్చుల బిల్లు ఆగి 35 రోజులు చాలా ఆఫీసులు మూతపడ్డాయి, దాదాపు 8 లక్షల మంది ఉద్యోగులకి జీతాలు ఆగాయి. చివరికి దక్కింది 137.5 కోట్లు. అప్పుడాయన 1976 చట్టం కింద ఎమర్జెన్సీ ప్రకటించి సైన్యం పద్దుల్లోంచి గోడకి మళ్లించాడు. రెండు సభలూ వద్దని తీర్మానం చేస్తే దాన్నీ వీటో చేశాడు. ఈసారి మూడింట రెండొంతులు రాలేదు. కంచెలో ఇలాంటి కంతలు చాలానే ఉన్నాయి, దాచను.

పూర్తిగా ఆయన చేతిలోవి రెండున్నాయి. ఒకటి క్షమాభిక్ష. 1974లో మాజీ ప్రెసిడెంటు నిక్సన్‌కి కేసైనా పెట్టకముందే ఆయన తర్వాతి ప్రెసిడెంటు ఫోర్డ్ ఇచ్చేశాడు. కాకపోతే అది ఫెడరల్ నేరాలకే, రాష్ట్రాల కేసులకి పనికిరాదు. రెండోది అణుబాంబు. దానికి ఆయన ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. పండూ, ఆ ఒక్క విషయంలో నీ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు.

మావయ్య గ్రీన్ కార్డు మాటకొస్తే, ఏడాదికిచ్చే కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించకూడదన్న లెక్క కాంగ్రెస్ చేసిన చట్టంలోది. మనమీద ఎంత ప్రేమున్న ప్రెసిడెంటు వచ్చినా సంతకంతో మార్చలేడు. వచ్చే ఆదివారం వాణ్ణే అడగండి. ప్రతి నెలా వీసా బులెటిన్‌లో (గ్రీన్ కార్డు వరసలో ఎవరి వంతు వచ్చిందో చెప్పే ప్రకటన) తేదీ ఎంత జరిగిందో చూసుకునేవాడు, నాకంటే బాగా చెబుతాడు.

ఇట్లు,
తాతయ్య