ఇసుక దిబ్బ కింద తేలే మంచినీరు

కరీబియన్ సముద్రంలోని బర్బుడా ద్వీపంలో విలాసవంతమైన రిసార్టులకు వ్యతిరేకంగా స్థానికులు ఏళ్ళ తరబడి పోరాడుతున్నారన్న వార్త చదివి ఒక పాఠకుడు నాకు ఇలా రాశారు: "అక్కడ ఉన్నది ఇసుక దిబ్బలే కదా, పంట పండే నేల కాదు. దాని మీద గోల్ఫ్ మైదానం వేస్తే పోయేదేమిటి?" ఈ ప్రశ్నకు పక్షుల గురించి, తాబేళ్ళ గురించి చాలామంది జవాబు చెబుతారు. అవన్నీ నిజమే. అయితే నన్ను చాలా కాలంగా ఆకట్టుకున్న జవాబు ఇసుక పైన లేదు, దాని అడుగున ఉంది.

బాపట్ల వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలల్లో రైతులు దొరువులు తవ్వుతారు. దొరువంటే నిలువెత్తయినా లేని గుంట. దాని అంచు నుంచి చూస్తే అడుగున ఇసుక తడిసి నల్లబడి కనిపిస్తుంది, కాసేపటికి ఆ తడిలోంచి నీరు మెల్లగా ఊరి తేటపడుతుంది. రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని నారుమడికి పోసుకునే ఆ నీరు తియ్యగా ఉంటుంది. అలల చప్పుడు వినబడేంత దగ్గరలో సముద్రం ఉండగా ఈ తీపి ఎలా వచ్చింది? ఇంకా వింత ఏమిటంటే, తీపి నీరు చాలలేదని గుంటను మరీ లోతుగా తవ్వితే ఉప్పునీరు వస్తుంది. లోతుకు వెళ్ళినకొద్దీ మంచి నీరు పడుతుందన్న మెట్ట ప్రాంతపు అనుభవం ఇక్కడ తలకిందులవుతుంది.

దీనికి కారణాన్ని 19వ శతాబ్దం చివర నెదర్లాండ్స్‌కు చెందిన బాడోన్ ఘైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ విడివిడిగా లెక్కగట్టి చూపించారు. సముద్రతీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. పాల మీద మీగడ తేలినట్టే, ఓడ నీటి మీద తేలినట్టే. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. భూమి లోపల ఒక చోట 41 మీటర్ల ఎత్తున మంచినీటి స్తంభం ఉందనుకోండి, దాని పక్కన 40 మీటర్ల ఎత్తున ఉప్పునీటి స్తంభం ఉందనుకోండి. నలభైని 1.025తో హెచ్చవేస్తే సరిగ్గా నలభై ఒకటి వస్తుంది. అంటే రెండు స్తంభాలూ అడుగున ఒకే ఒత్తిడి కలిగిస్తాయి, ఒకదాన్నొకటి మోసుకుంటాయి. మంచినీటి స్తంభంలో ఆ అదనపు ఒక్క మీటరే సముద్రమట్టానికి పైన ఉంటుంది, మిగిలిన నలభై మీటర్లు కింద మునిగి ఉంటాయి. మంచుకొండలో పదో వంతు మాత్రమే పైకి కనిపిస్తుందని మనకు చెబుతారు. ఇక్కడ పైన ఉండేది నలభై ఒకటో వంతు మాత్రమే.

ఆర్కిమెడిస్ సూత్రాన్ని మన బడుల్లో బంగారు కిరీటం కథతో, ఓడ బొమ్మతో చెప్పి వదిలేస్తారు. తీర జిల్లాల పిల్లలకు అదే సూత్రాన్ని తమ పెరటి బావితో చెప్పవచ్చు, కాని అలా చెప్పిన పాఠం నేను చూడలేదు. పాఠం లేని చోటును నమ్మకం ఆక్రమించుకుంటుంది. వేపపుల్ల పట్టుకునో, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకునో నీటి జాడ చెప్పేవారికి ఇసుక తీరంలో ఎప్పుడూ ఓటమి లేదు, ఎందుకంటే అక్కడ ఎక్కడ తవ్వినా నీరు పడుతుంది. అడగవలసిన ప్రశ్న నీరు ఉందా అన్నది కాదు, తీపి ఎంత లోతు వరకు ఉంది అన్నది. ఆ ప్రశ్నకు పుల్ల జవాబు చెప్పలేదు, నలభై అనే అంకె చెబుతుంది.

ఈ మంచినీరు నిలవ నీరు కాదు. వాన పడుతుంది, ఇసుక దాన్ని పారనివ్వకుండా వెంటనే తాగేస్తుంది, ఆ నీరు దిగి, పక్కలకు కదిలి, రెండు వైపులా సముద్రంలోకి నిరంతరం కారిపోతూ ఉంటుంది. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట నీటి ఆకారం నిలుస్తుంది. మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా, భూతద్దంలా. అందుకే శాస్త్రజ్ఞులు దీన్ని మంచినీటి కటకం అంటారు. ఇక్కడ కొంచెం గణితం తప్పదు. పొడుగాటి ఇసుక పట్టీ నడుమ సముద్రమట్టానికి పైన నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో కావాలంటే, ఏటా లోపలికి ఇంకే వాననీటిని ఇసుకలో నీరు కదిలే వేగానికి 41 రెట్లతో భాగించి, దాని వర్గమూలాన్ని పట్టీ సగం వెడల్పుతో హెచ్చవేయాలి. ఒక కిలోమీటరు వెడల్పు పట్టీలో ఏటా 300 మిల్లీమీటర్లు ఇంకుతాయనీ, ఇసుక రోజుకు 10 మీటర్ల లెక్కన నీటిని కదలనిస్తుందనీ అనుకుంటే నడిమి ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు. దాన్ని నలభైతో హెచ్చవేస్తే కటకం లోతు 28 మీటర్లు. ఆటుపోట్లు రెండు నీళ్ళనూ కలిపేస్తాయి కనుక వాస్తవంలో తీపి అంతకంటే తక్కువ లోతుకే ఆగిపోతుంది.

ఇప్పుడు ఆ పట్టీ నడుమ పడవలు తిరగడానికి ఒక కాలువ తవ్వి సముద్రాన్ని లోపలికి తెచ్చారనుకోండి. వాన తగ్గలేదు, ఇసుకలో దాదాపు ఏమీ పోలేదు. కాని కిలోమీటరు పట్టీ రెండు అర కిలోమీటరు పట్టీలయింది. సూత్రంలో వెడల్పు సగమైతే ఎత్తు సగమవుతుంది, లోతు 14 మీటర్లకు పడిపోతుంది. వెడల్పూ సగం, లోతూ సగం అయితే ఒక్కో ముక్కలో మిగిలేది పాతదానిలో పావు వంతు. రెండు ముక్కలు కలిపినా సగమే. ఒక్క చుక్క తోడకుండానే సగం మంచినీరు సముద్రం పాలవుతుంది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్ళీ వేసి చూసుకున్నాను.

దిబ్బను తవ్వి ఇసుక తీసుకుపోయినా ఇదే జరుగుతుంది, దారి మాత్రమే వేరు. నేల కిందికి దిగి నీటిమట్టానికి దగ్గరైతే ఎండ నేరుగా ఆ నీటిని పీల్చుకుంటుంది. నీటిమట్టం 20 సెంటీమీటర్లు తగ్గితే కాలక్రమంలో కింది నుంచి ఉప్పునీరు 8 మీటర్లు పైకి వస్తుంది. మోటారు పెట్టి ఒకే చోట గట్టిగా తోడినప్పుడు ఆ బావి కిందే ఉప్పునీరు పుట్టలా పైకి లేస్తుంది. అందుకే బాపట్ల వ్యవసాయ పరిశోధకులు మెరుగుపరచిన దొరువులో లోతుకు పోరు, తక్కువ లోతులో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి మీగడ తీసినట్టు పై నీటినే నెమ్మదిగా తీస్తారు.

బర్బుడా విస్తీర్ణం సుమారు 160 చదరపు కిలోమీటర్లు, అత్యున్నత స్థలం యాభై మీటర్లు కూడా లేదు, ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. సున్నపురాతి ద్వీపం అది. నైరుతి మూలన పామెట్టో పాయింట్ దగ్గరి ఇసుక కిందే పైపైన మంచినీటి కటకం ఉంది. 1685 నుంచి కోడ్రింగ్టన్ కుటుంబం కౌలుకు ఏలిన ఈ ద్వీపంలో బానిసత్వం 1834లో రద్దయ్యాక, ఆ బానిసల సంతతి నేలను ఎవరికీ అమ్మకుండా అందరి సొత్తుగా అనుభవించారు. 2007 నాటి బర్బుడా భూమి చట్టం ఆ ఆచారానికి రాతపూర్వక రూపమిచ్చి, పెద్ద నిర్మాణాలకు ప్రజల సమ్మతిని తప్పనిసరి చేసింది. అలాగని ద్వీపవాసులు దిబ్బలను ఏనాడూ ముట్టుకోలేదని చెప్పడం న్యాయం కాదు. 1970ల నుంచి పామెట్టో పాయింట్ ఇసుక ఓడలకెక్కి పొరుగు ద్వీపాలకు పోయింది, ఆ ఆదాయం స్థానిక మండలికీ దక్కింది. దిబ్బ పోతే బావి ఏమవుతుందో వాళ్ళకు ఆ రోజుల నుంచే అనుభవం.

2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను గంటకు సుమారు 285 కిలోమీటర్ల గాలులతో ఈ ద్వీపం మీదుగా పోయింది. ఇళ్ళన్నీ దాదాపు దెబ్బతిన్నాయి, కోడ్రింగ్టన్ లగూన్ అనే ఉప్పునీటి సరస్సును సముద్రం నుంచి వేరుచేసే సన్నని ఇసుక కట్ట తెగింది. మరో తుఫాను భయంతో జనాన్నంతా అదే దేశంలోని పెద్ద ద్వీపం ఆంటిగ్వాకు తరలించారు. వాళ్ళు తిరిగి రాకముందే కొత్త విమానాశ్రయం కోసం యంత్రాలు అడవిని చదును చేయడం మొదలుపెట్టాయి. ఉమ్మడి నేల మీద బ్యాంకు అప్పు పుట్టదని, ఎవరి స్థలం వారు ఒక్క డాలరుకు సొంతం చేసుకోవచ్చని ప్రధానమంత్రి గాస్టన్ బ్రౌన్ అన్నారు. తుఫాను తర్వాత ఆ భూమి చట్టాన్ని రద్దు చేశారు. 2005లో చిత్తడి నేలల రక్షణకు ఉద్దేశించిన అంతర్జాతీయ రామ్సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన లగూన్ పరిధిని ఆనుకునే, పామెట్టో పాయింట్ దిబ్బల మీద, సంపన్నుల విడిది గృహాలూ గోల్ఫ్ మైదానమూ మొదలయ్యాయి. ఉపాధి వస్తుందన్న వాదన తోసిపుచ్చదగినది కాదు, బతుకుతెరువు అక్కడ నిజంగానే కరువు. కాని ఇసుక మీద పచ్చగడ్డి బతకాలంటే నిత్యం నీరూ ఎరువూ కావాలి. ఆ నీటిని సముద్రం నుంచే శుద్ధి చేసి తెచ్చుకున్నా, ఎరువులోని నైట్రేటు ఇసుకలో దిగి కటకంలోకీ, అక్కడి నుంచి లగూన్‌లోకీ పోతుంది. వాననీటిని ఆపని ఇసుక నైట్రేటునూ ఆపదు.

భూమి చట్టం రద్దు చెల్లుతుందని 2022లో, ఆ దేశానికి తుది అప్పీళ్ళ న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది, ద్వీపవాసులు ఓడిపోయారు. విమానాశ్రయం అనుమతిని ప్రశ్నించిన జాన్ ముసింగ్టన్, జాక్లిన్ ఫ్రాంక్‌లకు మాత్రం ఆ కేసు వేసే అర్హత ఉందని అదే న్యాయస్థానం 2024 ఫిబ్రవరిలో చెప్పింది. వారిలో మొదటివారు సముద్ర జీవశాస్త్రజ్ఞుడు, రెండవవారు విశ్రాంత ఉపాధ్యాయిని. ఆ అర్హత చేతికొచ్చిన మనిషి పామెట్టో పాయింట్ గురించి అడగవలసిన మొదటి ప్రశ్న చాలా చిన్నది: దిబ్బల్లోని బావుల్లో నీరు ఇవాళ సముద్రమట్టానికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది? ఆ జవాబును నలభైతో హెచ్చవేయడానికి ఏ నిపుణుడూ అక్కర లేదు.