పడవలో వస్తే ఒకలా, విమానంలో వస్తే ఇంకోలా: ఆస్ట్రేలియా శరణార్థి విధానం వెనక కథ

1976 ఏప్రిల్ 26న ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ రేవుకి ఒక చెక్కపడవ చేరింది. అందులో ఉన్నది ఐదుగురు వియత్నాం మనుషులు. వియత్నాం యుద్ధంలో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమై అప్పటికి ఏడాది. అధికారులు వివరాలు రాసుకుని వాళ్లను ఉండనిచ్చారు. తర్వాతి ఐదేళ్లలో అలా నేరుగా పడవల్లో వచ్చినవాళ్లు రెండు వేల మందికి కాస్త ఎక్కువ. ఒక్క పడవను కూడా సముద్రంలోకి తిప్పి పంపలేదు.

2013 జులై 19న అదే దేశ ప్రధాని కెవిన్ రడ్ ఒక ప్రకటన చేశారు. ఇకపై వీసా లేకుండా పడవలో వచ్చినవాళ్లు, నిజమైన శరణార్థులని తేలినా సరే, ఆస్ట్రేలియాలో ఎప్పటికీ స్థిరపడలేరన్నారు. ఈ మాటన్నది వామపక్ష మొగ్గున్న లేబర్ పార్టీ నాయకుడు. రెండు నెలల్లోపే ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. గెలిచిన పార్టీ అంతకన్నా కఠినమైన హామీ ఇచ్చి గెలిచింది.

వచ్చేవాళ్లు పెరిగారు కాబట్టే జనం మనసు మారిందని చాలామంది సులువుగా చెప్పేస్తారు. అంకెలు ఆ మాటకు సరిపోవు. 2012-13లో ఆస్ట్రేలియా తానై పిలిచి శాశ్వత నివాసం ఇవ్వాలని పెట్టుకున్న కోటా 1,90,000. 2013లో పడవల్లో వచ్చినవాళ్లు 20 వేల పైచిలుకు. పడవలు దాదాపు ఆగిపోయాక, 2017-18లో విమానం దిగి ఆశ్రయానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 27 వేలు దాటారు. దాని మీద ఏ ఎన్నికా జరగలేదు, ఏ దీవిలోనూ శిబిరం తెరవలేదు. జనాన్ని భయపెట్టింది సంఖ్య కాదు. పడవలో వచ్చే మనిషిని జనానికి ఎలా చూపించారు, ఎంత దూరంలో ఉంచారు అన్నదే ఈ కథలో అసలు సంగతని నా నమ్మకం.

భయం మాత్రం పాతదే. 1901లో దేశం ఏర్పడగానే తొలి పార్లమెంటు చేసిన చట్టాల్లో వలసల నియంత్రణ చట్టం ఒకటి. రంగు పేరెత్తకుండానే తెల్లవాళ్లు కానివారిని ఆపడానికి అందులో డిక్టేషన్ పరీక్ష పెట్టారు. ఏదైనా యూరప్ భాషలో 50 మాటలు చదువుతారు, తప్పు లేకుండా రాయాలి. ఏ భాషన్నది అధికారి ఇష్టం. 1934లో హిట్లర్‌కి వ్యతిరేకంగా ప్రసంగించడానికి వచ్చిన ఎగోన్ కిష్ అనే రచయితకు చాలా యూరప్ భాషలు వచ్చు. అందుకని ఆయనకు స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. చివరికి హైకోర్టు అది చెల్లదని తేల్చింది. ఆ దేశంలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. 1938లో యూదు శరణార్థుల గురించి ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమైతే, తమకు జాతి సమస్య లేదని, దాన్ని దిగుమతి చేసుకునే కోరికా లేదని ఆస్ట్రేలియా ప్రతినిధి చెప్పి వచ్చారు.

యుద్ధం తర్వాత అవసరం లెక్క మార్చింది. జనం కావాలి, ఫ్యాక్టరీలకు చేతులు కావాలి. యూరప్ శిబిరాల నుంచి దాదాపు 1,70,000 మందిని తెచ్చుకున్నారు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడికను ఆమోదించిన ఆరో దేశం ఆస్ట్రేలియా. ఆ ఆరో సంతకంతోనే అది 1954లో అమల్లోకి వచ్చింది. తెల్లవాళ్లు కానివారిని ఆపే పాత ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానం ఆనవాళ్లను 1973లో విట్లమ్ ప్రభుత్వం తుడిచేసింది.

అంటే వియత్నాం పడవలు వచ్చేనాటికి ఆ విధానం పోయి మూడేళ్లే. జనం చేతులు చాచి పిలిచారనుకోవద్దు. డార్విన్ రేవు కార్మికులే నిరసనకు దిగారు. అయినా మాల్కమ్ ఫ్రేజర్ ప్రభుత్వం ఆ కోపాన్ని ఓట్లుగా మార్చుకోవాలని చూడలేదు. మలేషియా, ఇండోనేషియా లాంటి దేశాలతో మాట్లాడి, అక్కడి శిబిరాల నుంచి వేలమందిని విమానాల్లో తీసుకొచ్చింది. ప్రతిపక్షమూ పెద్దగా రెచ్చగొట్టలేదు. ఫ్రేజర్ సంప్రదాయవాద పార్టీ మనిషి. ఈ విషయంలో నాకు ఆయన మీద గౌరవం ఉంది.

మలుపు 1992లో వచ్చింది, అదీ లేబర్ ప్రభుత్వం చేతుల్లోనే. కంబోడియా నుంచి పడవల్లో వచ్చిన కొందరు తమ నిర్బంధం అక్రమమని కోర్టుకెళ్లారు. విచారణకు రెండ్రోజుల ముందు పార్లమెంటు హడావుడిగా చట్టం తెచ్చింది. ఇలా వచ్చినవాళ్లను తప్పనిసరిగా నిర్బంధించాలి, విడుదల చేయమని కోర్టు ఆదేశించకూడదు. రెండు పెద్ద పార్టీలూ కలిసి ఓటేశాయి. మొదట 273 రోజుల గరిష్ఠ పరిమితి ఉండేది. తర్వాత అదీ పోయింది.

ఇక 2001. ఆగస్టు 26న హిందూ మహాసముద్రంలో మునిగిపోబోతున్న పడవ నుంచి 433 మందిని నార్వే సరుకు నౌక టాంపా కాపాడింది. చాలామంది తాలిబన్ల నుంచి పారిపోయి వచ్చిన అఫ్ఘాన్ హజారా తెగవాళ్లు. దగ్గర్లోనే ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి. కెప్టెన్ ఆర్నే రిన్నాన్ అటు వస్తానంటే జాన్ హోవర్డ్ ప్రభుత్వం వద్దంది. నౌకలో జబ్బుపడ్డవాళ్లు ఉన్నారని ఆయన ఆస్ట్రేలియా జలాల్లోకి రాగానే కమాండోలు నౌకెక్కారు. ఆ నాలుగు వందల పైచిలుకు మందిలో కొందరిని న్యూజిలాండ్ తీసుకుంది, మిగతావాళ్లను నౌరు అనే చిన్న పసిఫిక్ దీవి దేశంలోని శిబిరానికి తరలించారు. సర్వేల్లో జనం భారీగా హోవర్డ్ వెంట నిలిచారు. రెండు వారాల్లో న్యూయార్క్ మీద సెప్టెంబర్ 11 దాడి జరిగింది. శరణార్థి, ఉగ్రవాది అనే రెండు మాటలు ఒకే వార్తలో వినిపించడం మొదలైంది.

అక్టోబర్‌లో, ఎన్నికల ప్రచారం నడుస్తుండగా, ఒక పడవలోని శరణార్థులు తమ పిల్లల్ని సముద్రంలోకి విసిరేశారని మంత్రులు ప్రకటించారు. రుజువంటూ ఫొటోలు విడుదల చేశారు. నిజానికి అవి మర్నాడు పడవ మునిగిపోతుంటే నేవీ మనుషుల్ని కాపాడుతున్న ఫొటోలు. పిల్లల్ని ఎవరూ విసరలేదని మరుసటి ఏడాది సెనెట్ కమిటీ తేల్చింది. అప్పటికి ఎన్నిక అయిపోయింది, హోవర్డ్ గెలిచారు. ఆ విచారణలోనే ఇంకో సంగతి బయటపడింది. శరణార్థుల్ని మనుషుల్లా చూపించే ఫొటోలు తీయొద్దని రక్షణ మంత్రి కార్యాలయం నుంచి ఆదేశం వచ్చిందని రక్షణ శాఖ ప్రజాసంబంధాల అధికారి సాక్ష్యం చెప్పారు. ప్రజాభిప్రాయం ఎలా తయారవుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం ఈ మొత్తం చరిత్రలో నాకు కనిపించలేదు. అదే ప్రచార సమయంలో, అక్టోబర్ 19న, మరో పడవ మునిగి 353 మంది చనిపోయారు.

మనుషులు కనిపించినప్పుడు గాలి అటూ ఇటూ మారింది కూడా. 2004లో మానవ హక్కుల కమిషన్ నిర్బంధంలోని పిల్లల స్థితి మీద నివేదిక ఇచ్చింది. 2005లో, మానసిక అనారోగ్యంతో ఉన్న ఆస్ట్రేలియా నివాసినే విదేశీయురాలనుకుని పది నెలలు నిర్బంధించారని తెలిసింది. ఇది తమ ఇంట్లోనూ జరగొచ్చన్న భయం అప్పుడు పుట్టింది. పెట్రో జార్జియో లాంటి సొంత పార్టీ ఎంపీలే హోవర్డ్‌కి ఎదురు తిరిగారు. ఆ ఏడాది పిల్లలున్న కుటుంబాలను విడిచిపెట్టారు.

2008లో, హోవర్డ్ తర్వాత వచ్చిన రడ్ ప్రభుత్వం నౌరు శిబిరాన్ని మూసేసింది. పడవలు మళ్లీ పెరిగాయి, మరణాలూ పెరిగాయి. 2010 డిసెంబర్‌లో క్రిస్మస్ దీవి కొండరాళ్లకు కొట్టుకుని ఒక పడవ బద్దలైతే, ఒడ్డున జనం చూస్తుండగానే 50 మంది చనిపోయారు. ఆ కొన్నేళ్లలో సముద్రంలో పోయినవాళ్లు వెయ్యి మందికి పైనే. పడవల్ని ఆపడమే ప్రాణాలు కాపాడటం అన్న వాదనకు బలం వచ్చింది ఇక్కడే. అది ఉత్త సాకు అని కొట్టిపారేయలేం. కానీ ఆ వాదన పేరు మీద, అప్పటికే ఒడ్డు చేరినవాళ్లను ఏళ్ల తరబడి దీవుల్లో మగ్గబెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

2012లో నౌరు, పాపువా న్యూగినీలోని మానుస్ శిబిరాలు మళ్లీ తెరుచుకున్నాయి. 2013లో రడ్‌ని ఓడించి వచ్చిన టోనీ అబాట్ ప్రభుత్వం సరిహద్దు ఆపరేషన్‌ని సైనికాధికారికి అప్పగించింది. సముద్రంలో ఏం జరిగిందని విలేకరులు అడిగితే జవాబు చెప్పేవారు కాదు. నౌరుకి వెళ్లాలనుకునే జర్నలిస్టు వీసా రుసుము 2014లో 200 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 8,000కి పెరిగింది. వీసా రాకపోయినా డబ్బు వెనక్కి వచ్చేది కాదు. 2015 చట్టం ప్రకారం శిబిరాల్లో చూసింది బయటపెట్టిన సిబ్బందికి రెండేళ్ల దాకా జైలు పడే వీలుండేది. డాక్టర్లు పోరాడి 2016లో దాని నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు.

ఇంత చీకటిలోనూ బిలోయెలా కథ నడిచింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని చిన్న ఊరు అది, ఎక్కువగా సంప్రదాయవాదులకే ఓటేసే ప్రాంతం. అక్కడ స్థిరపడ్డ శ్రీలంక తమిళ కుటుంబాన్ని, ఆస్ట్రేలియాలోనే పుట్టిన ఇద్దరు ఆడపిల్లలతో సహా, 2018 మార్చిలో తెల్లవారుజామున అధికారులు పట్టుకెళ్లారు. తల్లిదండ్రులు పడవల్లో వచ్చినవాళ్లే. పడవలు ఆపాలన్న పార్టీలకే ఓటేసిన ఊరు, మా పొరుగువాళ్లని మాకు తిరిగివ్వండని నాలుగేళ్లు పోరాడింది. ప్రభుత్వం మారాక 2022 జూన్‌లో ఆ కుటుంబం తిరిగొచ్చింది. అలాగని వాళ్లు సిద్ధాంతం మార్చుకున్నారనుకోను. ఆ ఇంటాయన మాంసం ఫ్యాక్టరీలో తమతో పనిచేసేవాడు, వాళ్లకు తెలిసిన మనిషి. అంతే.

తర్వాతి పరీక్ష ఇంత తేలిక కాదు. ఎక్కడికీ పంపే వీల్లేని మనిషిని నిరవధికంగా నిర్బంధించడం చెల్లదని 2023 నవంబర్ 8న హైకోర్టు తీర్పిచ్చింది. 2004లో తానే సమర్థించిన నియమాన్ని తానే తీసేసింది. తొలి విడతలో దాదాపు 150 మంది బయటికొచ్చారు. వాళ్లలో కొందరు ఘోరమైన నేరాలకు శిక్ష అనుభవించినవాళ్లు. పెద్ద గొడవైంది. లేబర్ ప్రభుత్వం రోజుల్లోనే కాలికి ట్రాకర్, రాత్రి కర్ఫ్యూ చట్టం తెచ్చింది. వాటినీ ఏడాది తిరిగేలోపు కోర్టు కొట్టేసింది. 2025 ఆగస్టులో, ఇలాంటివాళ్లను పంపడానికి నౌరుతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ముందుగా ఇచ్చేది 40 కోట్ల డాలర్లకు పైగా. 21 చదరపు కిలోమీటర్ల దీవి అది, పన్నెండు వేల జనాభా. జైలుశిక్ష ఎప్పుడో పూర్తిచేసుకున్నవాళ్లూ వెళ్లాల్సినవాళ్లలో ఉన్నారు. నేరచరిత్ర ఉంది కాబట్టి వాళ్ల కోసం బిలోయెలా లాంటి ఊరు ఏదీ రోడ్డెక్కదు. న్యాయవాదులు మాత్రం మళ్లీ కోర్టుకెళ్లారు.