వేలికి పెట్టిన మీటరు తొడ సంగతి చెప్పదు

పోలీసు ఎంపికల్లోని 1600 మీటర్ల పరుగు కోసం నెల్లూరులో సాధన చేసే పిల్లలు తరచూ నన్ను అడిగేవే ఇవి. వ్యాయామంలో కండరాల పనితీరును కొలవడం నా వృత్తి.

అపోహ: పరుగయ్యాక పల్స్ ఆక్సీమీటరు 98 చూపించింది, కాబట్టి కాళ్లలోనూ ఆక్సిజన్ అంతే ఉంది.

వాస్తవం: ఆ 98 ధమనుల్లోని రక్తానిది. ఊపిరితిత్తులు తమ పని చేశాయని దానర్థం. ఆ రక్తం నుంచి తొడ కండరం ఎంత తీసుకుందో తెలియాలంటే సెన్సరును తొడ మీదే అంటించాలి. అందులోంచి వచ్చే 700-900 నానోమీటర్ల కాంతి చర్మాన్ని, కొవ్వును దాటి లోపలికి వెళ్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ దాన్ని ఒకలా, లేనిది మరోలా పీల్చుకుంటాయి. ఆ తేడాను బట్టి అక్కడి హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి ఆక్సిజన్ ఉందో సెన్సరు అంకెగా చూపిస్తుంది. ప్రాణమున్న కణజాలంలో ఆక్సిజన్‌ను ఇలా గమనించవచ్చని 1977లో జాబ్సిస్ అనే శాస్త్రవేత్త చూపించారు. సైకిల్ గట్టిగా తొక్కిస్తే వేలి అంకె దాదాపు కదలదు, తొడ అంకె మాత్రం 70 నుంచి 30 దాకా జారవచ్చు. కష్టపడే కండరం ఆక్సిజన్‌ను వాడుకోవాల్సిందే కదా! నేను ముఖ్యంగా చూసేది, ఆపిన తర్వాత ఆ అంకె ఎంత త్వరగా పైకి లేస్తుందన్నది.

అపోహ: ఆ అంకె పడిందంటే రక్తప్రసరణ తగ్గినట్టే.

వాస్తవం: కనిగిరి రిజర్వాయరులో మట్టం తగ్గితే పెన్నా నీరు రావడం తగ్గిందా, కాలువలకు ఎక్కువ వదిలారా అన్నది మట్టం ఒక్కటే చూసి చెప్పలేం. ఇదీ అంతే. విశ్రాంతిలో గుండె పంపే రక్తంలో కండరాలకు అందేది 15-20 శాతం, తీవ్ర వ్యాయామంలో 80 శాతం పైనే. అంటే ప్రసరణ ఎన్నో రెట్లు పెరుగుతుండగానే ఆక్సిజన్ అంకె పడుతుంది. ప్రసరణ తెలియాలంటే తొడ ధమని మీద డాప్లర్ స్కాన్ (ధ్వని తరంగాలతో రక్తం వేగాన్ని కొలిచే పరీక్ష) చేయాలి. అయితే మైపాడు తీరంలో వల తాడును బిగించి పట్టుకున్నప్పుడు ముంజేతి కండరం తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది, అప్పుడు ప్రసరణ నిజంగానే తగ్గుతుంది. పట్టు వదలగానే రక్తం ఉరకలేస్తూ వస్తుంది. అందుకే మధ్యమధ్యలో పట్టు సడలించమంటాను.

అపోహ: తొడ సెన్సరు నాకు 45 చూపించింది, నా స్నేహితుడికి 60. వాడే మేలు.

వాస్తవం: ఇద్దరినీ పోల్చకండి. కాంతి చేరే లోతు, దాన్ని పంపే చోటికీ అందుకునే చోటికీ మధ్య దూరంలో సుమారు సగమే. కొవ్వు పొర మందంగా ఉంటే సెన్సరు కొవ్వునే కొలుస్తుంది. మన ఎండలో అయితే సెన్సరు మీద నల్లగుడ్డ చుట్టకపోతే ఆ అంకెను నేను రాసుకోను కూడా.

నడిస్తే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గిపోతుంటే మాత్రం, ముఖ్యంగా మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవారు, సెన్సర్ల జోలికి పోకుండా ముందు వైద్యుడికి చూపించుకోండి.