మ్యాథ్స్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకట్లేదన్న పిల్లలకి

పిల్లలూ,

మొన్న ఆదివారం మీలో ముగ్గురు వచ్చి “అమ్మమ్మా, మ్యాథ్స్ ప్రాజెక్టుకి మంచి టాపిక్ ఏదైనా చెప్పండి” అని అడిగారు కదా. నోటికొచ్చింది చెప్పి పంపడం ఇష్టంలేక ఇలా రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే, చెన్నై పెరంబూరులో లెక్కలు చెప్పాను. ప్రాజెక్టుల రోజున బల్లల మీద ఏముంటాయో కళ్లు మూసుకుని చెప్పగలను: పైథాగరస్ థర్మాకోల్ మోడల్, పై విలువ చార్టు, గోల్డెన్ రేషియో అంటూ ఒక నత్తగుల్ల బొమ్మ. ఒకసారి ఒక అబ్బాయి, వాళ్ల నాన్న రాత్రంతా మేలుకుని చేసిచ్చిన మోడల్ పక్కన నిలబడి ఉంటే, “ఇందులో నీకేది ఆశ్చర్యంగా అనిపించింది నాన్నా?” అని అడిగాను. వాడు చార్టు వంకే చూస్తూ ఉండిపోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి లెక్కలు రాక కాదు, ఆ ప్రశ్న వాడిలో పుట్టింది కాదు, అంతే. అందుకని మీకై మీకు తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి పట్టుకోండి, అదీ మీ చేత్తో మీరు లెక్కపెట్టగలిగేంత చిన్నది.

మన వాకిలే తీసుకోండి. చుక్కల చుట్టూ గీత తిప్పుతూ వేసే మెలికల ముగ్గు ఉంది కదా, పక్కింటి తమిళంవాళ్లు సిక్కు కోలం అంటారు (కోలం అంటే ముగ్గే). కాగితం మీద వరసకి నాలుగు చుక్కల చొప్పున మూడు వరసలు పెట్టండి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా, అడ్డంగానైనా నిలువుగానైనా, గీతలు ఒకదాన్నొకటి దాటాలి, అంచుకి రాగానే గుండ్రంగా మలుపు తిరగాలి. పెన్సిలు ఎత్తకుండా వెళ్తే చుక్కలన్నిటినీ చుట్టేసి మొదలుపెట్టిన చోటికే వస్తారు, ఒక్కటే గీత. ఇప్పుడు మూడు వరసల్లో మూడేసి చుక్కలు పెట్టి చూడండి. గీత మధ్యలోనే మూసుకుపోతుంది, ఇంకోటి మొదలుపెట్టాలి, మొత్తం మూడు గీతలు పడతాయి. 4, 6 పెడితే రెండు. 5, 7 పెడితే మళ్లీ ఒక్కటే.

కాసేపు ఆగి మీరే చూడండి, ఈ సంఖ్యలు ఎక్కడో చదివినట్టు లేవూ? రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్యని మీరు హెచ్‌సీఎఫ్ అంటారు, మేము గ.సా.భా. అని నేర్చుకున్నాం, గీతల లెక్క అదే. ఆరో తరగతిలో విసుక్కుంటూ చేసిన లెక్క ముగ్గులో కూర్చుని ఉంది! ఎందుకలా అవుతుందో కూడా మీరు పట్టుకోగలరు: గీత ఐమూలగా నడుస్తుంది, అడ్డం లెక్కా నిలువు లెక్కా రెండూ ఒకేసారి పూర్తయితేనే బయల్దేరిన చోటికి చేరుతుంది, అంటే అక్కడ క.సా.గు. (మీ ఎల్‌సీఎం) వస్తుంది. మిగతాది నేను చెప్పను.

కోలాల్లో లెక్కలేముంటాయని ఎవరైనా అంటే, తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ అనే ప్రొఫెసర్ 1970లలోనే, భాషకి వ్యాకరణం ఉన్నట్టు కోలాలకీ నియమాలు రాసి వాటిమీద పరిశోధన చేశారని చెప్పండి.

ముగ్గు మీద మనసు పోకపోతే బస్‌స్టాపుకి వెళ్లండి. మీరెక్కే 29సీ బస్సు సగటున పావుగంటకొకటి వస్తుందనుకుందాం, అయితే సగటున ఏడున్నర నిమిషాలు ఆగితే చాలు అనిపిస్తుంది. కానీ ఒక బస్సు అయిదు నిమిషాలకీ తర్వాతది ఇరవై అయిదుకీ అలా మార్చి మార్చి వస్తే, సగటు పావుగంటే గానీ మీరు ఆగేది దాదాపు పదకొండు నిమిషాలు, ఎందుకంటే మీరు స్టాపుకి చేరే క్షణం పెద్ద సందులో పడే అవకాశమే ఎక్కువ. వారం రోజులు టైము రాసుకుని చూడండి, మీ స్టాపు లెక్క మీదే, ఎవరి చార్టులోనూ దొరకదు.

ఎత్తులు కొలవడం ఇష్టమైతే మన చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కథ ఉంది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వేయరు అక్కడ నేల మీద దాదాపు 12 కిలోమీటర్ల గీతని గొలుసుతో కొలిచి, దాని మీంచి త్రిభుజాలు అల్లుకుంటూ పోయాడు, ఆ సర్వేయే తర్వాత ఎవరెస్టు ఎత్తు తేల్చింది. మీరు ప్రొట్రాక్టరూ దారమూ పట్టుకుని మన వాటర్ ట్యాంకుతో మొదలుపెట్టొచ్చు.

ఏది తీసుకున్నా తప్పుపోయిన లెక్కలు కొట్టేయకండి, నోటుబుక్కులో అలాగే ఉంచండి, టీచరుగా నేను ముందు ఆ పేజీలే తిప్పేదాన్ని.

ముగ్గు ఎంచుకున్నవాళ్లు రేపు పొద్దున్నే బియ్యప్పిండి తీసుకుని కిందికి రండి. 6, 9 వేద్దాం. ఎన్ని గీతలొస్తాయో ముందే రాసుకుని రండి.

మీ
పెరంబూరు అమ్మమ్మ