సైగ చదివేవాళ్లు లేని చోట: వినలేని ముద్దాయి వెనక ఉన్న చట్టం కథ

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఒక తెలుగింట్లో పుట్టుకతో చెవి వినపడని మనిషిని పోలీసులు ఏదో దొంగతనం కేసులో పట్టుకెళ్లారనుకోండి. బడికి పోలేదు, చదవడం రాయడం రాదు, ఇంట్లో అమ్మతో అన్నదమ్ములతో చేసుకునే సైగలు తప్ప వేరే భాష లేదు. ఆ సైగలు అమ్మకి అర్థమవుతాయి, ఆవిడ తెలుగులో చెబుతుంది, స్టేషన్‌లో రాసుకునేది ఒడియాలో, పైకోర్టుకి వెళ్లేటప్పటికి కాగితాలన్నీ ఇంగ్లీషులో. ఇన్ని చేతులు మారాక అతను అసలు ఏం చెప్పాడన్నదానికి పూచీ ఎవరు?

చట్టం వినలేనివాళ్లని అసలు పట్టించుకోలేదనడం నిజం కాదు. సాక్షిని పట్టించుకుంది, బాధితులని పట్టించుకుంది. ముద్దాయిని మాత్రం దాదాపు ఎక్కడున్నవాడిని అక్కడే వదిలేసింది. నా బాధంతా అదే.

మన చట్టాలకి మూలం ఇంగ్లండ్ కదా, అక్కడ 1836లో ప్రిచర్డ్ అనే బధిరుడి కేసులో జడ్జి మూడు విషయాలు తేల్చమన్నాడు: ఇతను కావాలనే నోరు మెదపడం లేదా, నేరారోపణకి జవాబు చెప్పగలడా, విచారణ అర్థం చేసుకునేంత బుద్ధి ఉందా. వినపడకపోవడాన్ని, మతిలేకపోవడాన్ని ఒకే గాటన కట్టిన కాలం అది.

ఇక్కడ 1872 సాక్ష్య చట్టం 119వ సెక్షన్‌లో, మాట్లాడలేని సాక్షి బహిరంగ కోర్టులో రాసి గానీ సైగలతో గానీ చెప్పవచ్చు, అదీ నోటితో చెప్పిన సాక్ష్యమే అంది. దేశంలో మొదటి బధిరుల బడి బొంబాయిలో 1880లలో గానీ రాలేదు, అంటే బడికంటే ముందే చట్టం సైగకి విలువిచ్చింది, అది చిన్న సంగతేమీ కాదు. కానీ ఆ సైగ ఎవరు చదవాలో మాత్రం రాయలేదు.

ముద్దాయి సంగతి 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, 341వ సెక్షన్. మతి బాగానే ఉండి కూడా విచారణ ఏం జరుగుతోందో ముద్దాయికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే, కోర్టు విచారణ కొనసాగించవచ్చు, శిక్ష పడితే మాత్రం ఆ కాగితాలు హైకోర్టుకి పంపాలి. 1973లో కొత్త కోడ్ వచ్చింది, అదే 318 అయింది. 2023లో దాని బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అదే 357 అయింది. నంబర్లు మారాయి, విషయం మారలేదు. ఒక మనిషికి ఏమీ అర్థం కాకుండానే విచారణ ముగిసిపోవచ్చని చట్టం ముందే ఒప్పుకుంటోందన్నమాట, అతనికి దక్కే రక్షణ శిక్ష పడ్డాక కటక్‌లోని హైకోర్టులో ఎవరో కాగితాలు చూడడం, ఆ లోపల రిమాండ్‌లో గడిచిపోయిన నెలల లెక్క ఎవరూ అడగరు.

సాక్షుల వైపు మార్పు వచ్చింది. 2012లో రాజస్థాన్ ప్రభుత్వం, దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దుబాసీకి (సైగలని మాటల్లో చెప్పే మనిషికి) కూడా ప్రమాణం చేయించాలని, సైగలనీ రికార్డు చేయాలని చెప్పింది. అక్కడ సాక్షి సైగలని కోర్టుకి చెప్పింది ఆమె తండ్రే, ప్రమాణం లేదు, ఆ సాక్ష్యం నిలవలేదు. 2013లో సాక్ష్య చట్టానికి చేసిన సవరణతో దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ (వికలాంగులకి చదువు చెప్పే టీచర్) సాయం, వీడియో రికార్డింగ్ వచ్చాయి. అయితే మా వైపు లాంటి చోట ఒక చిక్కు ఉంది. శిక్షణ పొందిన దుబాసీకి భారతీయ సంజ్ఞా భాష వచ్చు, ఇంటి సైగలు రావు. ఇంటి సైగలు వచ్చిన అమ్మని కోర్టు నమ్మదు, అమ్మ కదా. కొన్ని దేశాల్లో బధిరుడైన మరో మనిషినే మధ్యలో కూర్చోబెడతారు, అతను ఇంటి సైగని పట్టుకుని దుబాసీకి అందిస్తాడు. మన జిల్లా కోర్టుల్లోనూ కావలసింది అదే.

అరెస్టయిన క్షణం నుంచి చూస్తే ఇంకా టెన్షన్. అడిగినదానికి పలకకపోతే నటిస్తున్నాడంటారు. భయపడి అన్నిటికీ తలూపితే ఒప్పుకున్నాడంటారు. చేతులకి బేడీలు వేస్తే సైగ చేసే మనిషి నోరు కట్టేసినట్టే. జైల్లో రోజంతా గంటలు, ఈలలు, పేరు పిలిచి లెక్క చూడడం. పిలిస్తే పలకలేదని శిక్ష, ఫోన్ సౌకర్యం ఉన్నా మాట్లాడలేడు, ములాఖత్‌లో జాలీ వెనక చేతులు సరిగా కనపడవు. ఇప్పుడు రిమాండ్ పొడిగింపు వీడియోలో కానిచ్చేస్తున్నారు, బొమ్మ ఆగి ఆగి వచ్చే స్క్రీన్ మీద ఎవరి సైగ ఎవరికి అర్థమవుతుంది?

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది, దాని 13వ అధికరణం న్యాయం అందుబాటు గురించే. ఆ వెలుగులో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ సాక్షి, ముద్దాయి అని తేడా చూపకుండా, కోర్టు అయినా విచారణాధికారం ఉన్న మరే సంస్థ అయినా అందుబాటులో ఉండాలంటోంది. 2015లో ఢిల్లీలో సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. 2023లో బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు, చూసి ఎంత సంతోషమేసిందో! 2025 జులైలో తమిళనాడు జైళ్ల మీద వచ్చిన తీర్పులో, లోపలికి వచ్చినప్పుడే వికలాంగ ఖైదీని గుర్తించాలని, జైలు నియమాలు సంజ్ఞా భాషలో కూడా చెప్పాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షలు దాటారు, వాళ్లలో ఎంతమంది జైల్లో ఉన్నారో గుర్తించడమే మొదలుపెట్టకపోతే దుబాసీని ఎవరి కోసం పిలుస్తారు?

అందుకే మన ఇళ్లలో ఎవరికైనా ఇలాంటిది వస్తే మొదటి రిమాండ్ రోజే మేజిస్ట్రేటుకి రాసివ్వండి: ఇతనికి వినపడదు, ఇంటి సైగలే వచ్చు, 2016 వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ కింద దుబాసీ కావాలి, ఇంటివాళ్లని కూడా పక్కన ఉండనివ్వాలి అని. వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే జతచేయండి. వకీలుకి డబ్బు లేదని ఆగకండి, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకీ, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలి, జిల్లా న్యాయ సేవల ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఒడియా రాకపోతే తెలుగులోనే చెప్పండి, రాసుకోవడం వాళ్ల పని.